తెలిసింది చెప్పి, తెలియనిది అడిగే నేర్పు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవాళ్లు రోజంతా చదివేవాటిలో ఎర్రర్ సందేశాలది పెద్ద వాటా. అయినా వాటిని ఎవరో కూర్చుని, ఆలోచించి రాశారన్న సంగతి చాలామందికి తట్టదు. తెర మీద కనబడగానే కాపీ చేసి సెర్చ్‌లో వేస్తారు. అక్కడ దొరికిన చిట్కా ప్రయత్నిస్తారు. కుదరకపోతే సర్వర్ రీస్టార్ట్ చేస్తారు. అలా చదవకుండా దాటిపోయే సందేశాల్లో ఒకదాన్ని ఇక్కడ నిదానంగా చదువుదాం. పైథాన్ ప్రోగ్రాము నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు కనెక్ట్ కాబోయి, కుదరనప్పుడు వచ్చే సందేశం అది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

“లోకల్‌హోస్ట్” (127.0.0.1), పోర్టు 5432 దగ్గరి సర్వర్‌కు కనెక్షన్ విఫలమైంది: కనెక్షన్ రెఫ్యూజ్డ్
ఆ హోస్టు మీద సర్వర్ నడుస్తోందా, టీసీపీ/ఐపీ కనెక్షన్లు తీసుకుంటోందా?

మొదటి పంక్తి జరిగిన సంగతి. రెండోది ప్రశ్న. ఇందులోని పనితనమంతా ఈ విభజనలోనే ఉంది.

ఒక్కో మాటా ఎందుకుంది?

కొటేషన్లలో ఉన్న “లోకల్‌హోస్ట్” మనం ఇచ్చిన పేరు. బ్రాకెట్లో ఉన్న 127.0.0.1, ఆ పేరుకు కంప్యూటర్ వెతికి తెచ్చుకున్న చిరునామా. రెండూ పక్కపక్కన ఉండటం వల్ల ఎంత మేలో చూడండి. డేటాబేస్‌ను కొత్త యంత్రానికి మార్చారు, డీఎన్‌ఎస్‌లో పాత చిరునామా ఇంకా మిగిలిపోయింది అనుకుందాం. పేరు ఎన్నిసార్లు చూసినా అంతా సరిగానే కనిపిస్తుంది. బ్రాకెట్లోని అంకెల మీద కన్ను పడితేనే అసలు సంగతి తెలుస్తుంది.

పోర్టు సంగతీ అంతే. కోడ్‌లో పోర్టు రాయకపోతే లైబ్రరీ ముందు (సర్వీస్ పేరు ఇచ్చి ఉంటే) సర్వీస్ ఫైల్లో వెతుకుతుంది, తర్వాత పీజీపోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తుంది, ఏదీ లేకపోతే 5432 తీసుకుంటుంది. ఎప్పుడో షెల్ సెట్టింగుల్లో రాసి మరిచిపోయిన 5433 ఈ రోజు అడ్డం పడవచ్చు. అందుకే సందేశంలో కనిపించేది చివరికి నిజంగా వాడిన అంకె. మనం ఇచ్చామనుకున్నదానికీ దానికీ తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

కోలన్ తర్వాతి మాటలు పోస్ట్‌గ్రెస్‌వి కావు. అవి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన జవాబు. వాటికి మెరుగులు దిద్దకుండా, సొంత మాటల్లోకి మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు పెట్టారు. సాక్షి చెప్పినదాన్ని గుమాస్తా దిద్దకూడదు కదా.

ఇక ప్రశ్న. “సర్వర్ నడవడం లేదు” అని రాసేయడం తేలిక. కానీ ఆ సంగతి క్లయింటుకు తెలిసే వీలు లేదు. సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు. నడుస్తూనే వేరే పోర్టులో ఉండవచ్చు. ఆ చిరునామా మీద కాక మరో చిరునామా మీద వింటూ ఉండవచ్చు. మధ్యలో ఫైర్‌వాల్ తిప్పికొట్టి ఉండవచ్చు. ఇవన్నీ క్లయింటు వైపు నుంచి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి తీర్పు చెప్పకుండా, ముందు చూడాల్సిన రెండు విషయాలను అడిగి వదిలేశారు.

ఇది ఎవరో ఒకరికి ఆ పూట తోచిన తెలివి కూడా కాదు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో ఎర్రర్ సందేశాలు ఎలా రాయాలో చెప్పే విభాగం విడిగా ఉంది. అసలు సందేశం పొట్టిగా, వాస్తవానికి కట్టుబడి ఉండాలంటుంది. వివరం కావాలంటే దాన్ని విడిగా ఇవ్వాలి. సలహా అన్నది మళ్లీ వేరు, ఎందుకంటే సలహా పొరపాటు కావచ్చు. కాలం విషయంలోనూ ఒక నియమం ఉంది. ప్రయత్నించి విఫలమైతే, మరోసారి కుదిరే అవకాశం ఉంటే, భూతకాలం వాడాలి. ఎన్నటికీ కుదరని పనికి వర్తమానం వాడాలి. “ఫైలు తెరవలేకపోయాను” అంటే మళ్లీ ప్రయత్నించవచ్చు. “ఈ పని చేయలేను” అంటే ఇక ప్రయత్నించి లాభం లేదు. క్రియాపదాన్ని ఇంత పట్టుదలగా చూసే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు అరుదు.

జవాబుకూ మౌనానికీ తేడా

“కనెక్షన్ రెఫ్యూజ్డ్” అన్నది చెడ్డ వార్తలా వినిపిస్తుంది కానీ, అందులో సగం శుభవార్తే. మన ప్యాకెట్ అవతలికి చేరింది. అక్కడి యంత్రమో, దాని తరఫున ఫైర్‌వాలో “ఈ పోర్టులో ఎవరూ లేరు” అంటూ రీసెట్ ప్యాకెట్ వెనక్కి పంపింది. అంటే పేరు చిరునామాగా మారింది, దారి కూడా ఉంది. ఇక ముందుగా వెతకాల్సింది ఆ యంత్రం దగ్గరే.

అదే ఏ జవాబూ రాకుండా టైమవుట్ అయితే కథ వేరు. క్లౌడ్‌లో సెక్యూరిటీ గ్రూపు నియమం లేకపోతే ప్యాకెట్‌ను చడీచప్పుడు లేకుండా పారేస్తారు. అప్పుడు లినక్స్ సాధారణ సెట్టింగులతో రెండు నిమిషాలకు పైగా ప్రయత్నించి గానీ వదలదు. ఇక్కడ సర్వర్ సెట్టింగులు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు. చూడాల్సింది దారిని. “హోస్టు పేరును చిరునామాగా మార్చలేకపోయాను” అని వస్తే అంతకన్నా ముందే ఆగిపోయామని అర్థం. అది సాధారణంగా డీఎన్‌ఎస్ గొడవో, పేరులో అక్షరదోషమో అవుతుంది.

ఈ “రెఫ్యూజ్డ్” అన్న జవాబుకు ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో నంబరు ఉంది. లినక్స్‌లో 111, మ్యాక్‌లో 61, విండోస్‌లో 10061. మ్యాక్‌లోని 61 బీఎస్‌డీ యూనిక్స్ నుంచి వచ్చిన వారసత్వం. విండోస్ దానికి పదివేలు కలుపుకుంది. నెట్‌వర్క్ ప్రోగ్రాములకు ఆధారమైన సాకెట్ పద్ధతి 1983లో విడుదలైన 4.2 బీఎస్‌డీతో లోకానికి వచ్చింది. అది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో తయారైంది. మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో 1986లో పోస్ట్‌గ్రెస్ మొదలైందీ అక్కడే. కోలన్‌కు ముందున్న వాక్యానికీ, తర్వాతి జవాబుకూ పుట్టినిల్లు ఒకటే.

సర్వర్ అదే యంత్రంలో నడుస్తున్నా, బయటి నుంచి వచ్చేవాళ్లకు రెఫ్యూజ్డ్ రావడానికి తరచుగా కనిపించే కారణం ‘లిజన్ అడ్రసెస్’ అనే సెట్టింగు. 2005లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి దాని డిఫాల్టు విలువ లోకల్‌హోస్ట్. ఇన్‌స్టాల్ చేసిన వెంటనే డేటాబేస్ ప్రపంచానికంతటికీ తెరుచుకోకూడదన్నది దీని ఉద్దేశం. వేరే యంత్రం నుంచి కనెక్ట్ కావాలంటే సర్వర్ యజమాని కావాలని ఆ విలువ మార్చాలి, మార్చాక సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి. రీలోడ్ చేస్తే చాలదు.

పోర్టు లేనిచోట పోర్టు నంబరు

హోస్టు పేరు ఇవ్వకపోతే లినక్స్‌లో క్లయింటు నెట్‌వర్క్ జోలికే పోదు. యూనిక్స్ సాకెట్ అనే ఒక ఫైలు ద్వారా మాట్లాడుతుంది. ఫైలుకు పోర్టుతో పనేముంది? పని లేదు. అయినా పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలు పేరు చివర పోర్టు నంబరు తగిలిస్తుంది: 5432. దీనివల్ల ఒకే డైరెక్టరీలో నాలుగు సర్వర్లు నడిచినా నాలుగు ఫైళ్లు వేరువేరుగా ఉంటాయి. సాకెట్ ద్వారా వెళ్లినా, నెట్‌వర్క్ ద్వారా వెళ్లినా అదే నంబరు అదే సర్వర్‌కు చేరుస్తుంది. కనెక్షన్ కుదరకపోతే సందేశంలో ఆ ఫైలు దారి మొత్తం అచ్చవుతుంది. సోర్సు నుంచి కంపైల్ చేసిన క్లయింటు టెంప్ డైరెక్టరీలో వెతుకుతుంటే, డెబియన్ ప్యాకేజీ ద్వారా వచ్చిన సర్వర్ తన ఫైలును ‘వార్ రన్’ కింద పెట్టి కూర్చుంటుంది. సందేశంలో దారి చూస్తే ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.

డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. పాత వెర్షన్ ఉండగా కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే, 5432 అప్పటికే ఒకరి చేతిలో ఉంది కాబట్టి కొత్తదానికి 5433 దక్కుతుంది. ప్రోగ్రాము మాత్రం 5432కే వెళ్లి పాత డేటాబేస్‌తో మాట్లాడుతుంది, లేదా పాతది ఆపేసి ఉంటే రెఫ్యూజ్డ్ తెచ్చుకుంటుంది. ‘పీజీ ఎల్‌ఎస్‌ క్లస్టర్స్’ అనే చిన్న కమాండ్ ఏ వెర్షన్ ఏ పోర్టులో ఉందో, నడుస్తోందో ఆగిందో ఒక పట్టికలో చూపిస్తుంది.

ఇదే విషయంలో మైఎస్‌క్యూఎల్ దారి వేరు. యూనిక్స్ సిస్టమ్‌లలో దాని క్లయింటుకు లోకల్‌హోస్ట్ అని ఇస్తే సాకెట్ ఫైలు వాడుతుంది, మనం ఇచ్చిన పోర్టు నంబరును పట్టించుకోదు. 3307లో ఉన్న రెండో సర్వర్ కోసం వెళ్లినవాడు 3306లో ఉన్న మొదటి సర్వర్‌కు చేరుకుని, అక్కడ తన టేబుళ్లు లేవేమిటని వెతుక్కుంటాడు. 127.0.0.1 అని రాస్తే చిక్కు విడిపోతుంది. డాక్యుమెంటేషన్‌లో ఇదంతా రాసే ఉంది. కానీ ఎర్రర్ రానిచోట డాక్యుమెంటేషన్ తెరిచేదెవరు?

తప్పు గుమ్మం తొక్కితే

పోర్టులో ఎవరో ఉన్నారు, కానీ పోస్ట్‌గ్రెస్ కాదు. అప్పుడేమవుతుంది? పోస్ట్‌గ్రెస్ క్లయింటు సాధారణంగా మొట్టమొదట ఎన్‌క్రిప్షన్ కుదురుతుందా అని అడుగుతుంది. ఆ అభ్యర్థనలో 80877103 అనే సంఖ్య ఉంటుంది. పై 16 బిట్లలో 1234, కింది 16 బిట్లలో 5679 వచ్చేలా దాన్ని ఎంచారు. ఏ ప్రోటోకాల్ వెర్షన్ నంబరుతోనూ పొరబడే అవకాశం లేకుండా ఆ ఏర్పాటు. సర్వర్ ఒక్క అక్షరంతో జవాబివ్వాలి: ఔనంటే ‘ఎస్’, కాదంటే ‘ఎన్’. పొరపాటున వెబ్ సర్వర్ పోర్టుకు వెళితే అది తన పద్ధతిలో ‘హెచ్‌టీటీపీ’ అని మొదలుపెట్టి తప్పు చూపుతుంది. క్లయింటు చేతికి వచ్చిన తొలి అక్షరం ‘హెచ్’. వెంటనే “ఎస్‌ఎస్‌ఎల్ చర్చకు చెల్లని జవాబు వచ్చింది: హెచ్” అంటూ ఆ అక్షరాన్ని సందేశంలో పెడుతుంది. చూడటం తెలిసినవాడికి ఆ ఒక్క అక్షరం చాలు, పోర్టు తప్పిందని చెప్పడానికి.

ఎదురు దిశలో కూడా ఇదే జాగ్రత్త ఉంది. ఎవరైనా బ్రౌజర్‌తో 5432కు వెళితే అది ‘గెట్’ అనే మాట, దాని వెనక ఒక ఖాళీ పంపుతుంది. పోస్ట్‌గ్రెస్ మాత్రం మొదటి నాలుగు బైట్లను ప్యాకెట్ పొడవుగా చదువుతుంది. ఆ నాలుగు అక్షరాలను సంఖ్యగా చదివితే 1195725856, అంటే దాదాపు 120 కోట్ల బైట్లు. ఆరంభ ప్యాకెట్‌కు పరిమితి 10000 బైట్లే. కాబట్టి సర్వర్ ఆ వచ్చినదాని కోసం మెమరీ కేటాయించే పనే పెట్టుకోదు. “ఆరంభ ప్యాకెట్ పొడవు చెల్లదు” అని లాగ్‌లో రాసి తలుపు వేస్తుంది. లాగ్‌లో ఈ పంక్తి పదేపదే కనబడితే ఏదో పర్యవేక్షణ సాధనమో, ఇంటర్నెట్ స్కానరో ఈ పోర్టును తడుముతోందని అనుమానించవచ్చు.

ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి

సర్వర్‌కు చేరిన తర్వాత తనిఖీలు మొదలవుతాయి. మొదటిది ‘పీజీ హెచ్‌బీఏ’ ఫైలు. ఏ రకం కనెక్షన్, ఏ డేటాబేస్, ఏ యూజర్, ఏ చిరునామా, ఏ పద్ధతి: ఇవీ అందులోని గడులు. పైనుంచి కిందికి చదువుతూ మొదట సరిపోయిన పంక్తితోనే తేల్చేస్తుంది. అక్కడ కుదరకపోతే కింది పంక్తికి దిగదు. ఏ పంక్తీ సరిపోకపోతే వచ్చే సందేశంలో హోస్టు చిరునామా, యూజర్ పేరు, డేటాబేస్ పేరు, ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో వరసగా ఉంటాయి. పద్ధతి తప్ప, ఫైల్లో రాయాల్సిన గడులు ఏవో సందేశంలో ఉన్నవీ అవే. దిద్దాల్సినవాడికి ముసాయిదా అందించినట్టే.

పాస్‌వర్డ్ దగ్గరకు వచ్చేసరికి ఈ ధోరణి పూర్తిగా మారిపోతుంది. “ఫలానా యూజర్‌కు పాస్‌వర్డ్ ధ్రువీకరణ విఫలమైంది” అంటుంది, అంతే. పాస్‌వర్డ్ తప్పా, అసలు ఆ యూజరే లేడా అన్నది చెప్పదు. చెబితే బయటివాడు పేర్లు ఒక్కొక్కటిగా ప్రయత్నించి ఏవి ఉన్నాయో జాబితా తయారు చేసుకుంటాడు. అదే సంఘటన గురించి సర్వర్ లాగ్‌లో మాత్రం దాపరికం లేదు. ఆ పేరుతో యూజర్ లేడని, హెచ్‌బీఏ ఫైల్లో ఏ నంబరు పంక్తి వర్తించిందో కూడా రాస్తుంది. లోపలివాళ్లకు పూర్తి కథ, బయటివాళ్లకు ముగింపు ఒక్కటే.

2017లో విడుదలైన వెర్షన్ 10లో స్క్రామ్ అనే పాస్‌వర్డ్ పద్ధతి వచ్చింది. అందులో సర్వర్ ముందుగా ‘సాల్ట్’ అనే విలువ పంపాలి. లేని యూజర్‌కు సాల్ట్ ఎక్కడిది? అప్పటికప్పుడు ఏదో ఒకటి తయారు చేసి పంపితే, రెండోసారి వేరేది వస్తుంది, గుట్టు బయటపడుతుంది. అందుకని డేటాబేస్ సృష్టించేటప్పుడే ఒక రహస్య సంఖ్యను దాచిపెట్టి, దాన్నీ యూజర్ పేరునూ కలిపి నకిలీ సాల్ట్ తయారు చేస్తారు. ఎన్నిసార్లు అడిగినా అదే వస్తుంది. లేని మనిషి కోసం కూడా తంతు చివరిదాకా నడిపించి, ఆఖర్న కాదంటుంది.

ఇవి దాటాక కూడా ఆగిపోయే చోట్లున్నాయి. డిఫాల్టుగా 100 కనెక్షన్లకే అనుమతి. అందులో 3 సూపర్‌యూజర్ కోసం అట్టేపెడతారు, సర్వర్ కిక్కిరిసినప్పుడు లోపలికి వెళ్లి చక్కదిద్దే మనిషికి చోటుండాలి కాబట్టి. సర్వర్ ఇంకా లేస్తున్న దశలో ఉంటే పోర్టు ముందే తెరిచి, “డేటాబేస్ వ్యవస్థ మొదలవుతోంది” అని వచ్చినవాళ్లకు చెబుతుంది. ‘పీజీ ఈజ్‌రెడీ’ అనే సాధనం ఈ తేడాను సంఖ్యల్లో పట్టుకుంటుంది. కనెక్షన్లు తీసుకుంటుంటే 0, ఉండి కూడా కాదంటుంటే 1, జవాబే లేకపోతే 2, అసలు ప్రయత్నమే జరగకపోతే 3 ఇస్తుంది.

డాకర్ కంటెయినర్లలో ఈ సాధనం బాగా అక్కరకొస్తుంది. అక్కడ లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, పక్కనున్న డేటాబేస్ కంటెయినర్ కాదు. బయటికి 5433గా కనిపించే పోర్టు, తోటి కంటెయినర్లకు 5432గానే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ తొలిసారి డేటాబేస్ సిద్ధం చేసేటప్పుడు ఒక తాత్కాలిక సర్వర్‌ను సాకెట్ ఫైలు మీద మాత్రమే నడుపుతుంది, నెట్‌వర్క్ పోర్టు తెరవదు. అరకొర డేటాబేస్‌లోకి అప్లికేషన్ తొందరపడి దూరకుండా అదో అడ్డుకట్ట.

మాట చేతులు మారేటప్పుడు

ఈ సందేశాలన్నీ పైథాన్‌లో పుట్టినవి కావు. సైకోపీజీ అనే డ్రైవర్, పోస్ట్‌గ్రెస్ వాళ్ల సీ లైబ్రరీ లిబ్‌పీక్యూను వాడుకుంటుంది. లిబ్‌పీక్యూ చెప్పినదాన్ని ‘ఆపరేషనల్ ఎర్రర్’ అనే తొడుగులో పెట్టి, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా అందిస్తుంది. ఇలా యథాతథంగా దాటించడం కూడా మంచి పనితనమే. జావా డ్రైవర్ ఈ లైబ్రరీని వాడదు. హోస్టు, పోర్టు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండని తన సొంత మాటల్లో చెబుతుంది. పోర్టు తప్పయ్యే అవకాశాన్ని నేరుగా ఎత్తి చూపడంలో అది లిబ్‌పీక్యూ ప్రశ్నకన్నా ఒక మెట్టు ముందుంది.

మొదట చూసిన వాక్యానికి ఇప్పుడున్న రూపం 2021 నాటిది. అంతకుముందు హోస్టు, పోర్టు వివరాలు అసలు చేరుకోలేకపోయినప్పుడే వచ్చేవి. చేరుకున్నాక పాస్‌వర్డ్ దగ్గర ఆగితే ఏ సర్వర్ దగ్గర ఆగిందో తెలిసేది కాదు. వెర్షన్ 10 నుంచి ఒకే కనెక్షన్‌లో నాలుగైదు హోస్టులు ఇచ్చే వీలు వచ్చాక ఈ లోటు పెద్దదైంది. ఎంతోకాలంగా ఈ ప్రాజెక్టులో పనిచేస్తున్న టామ్ లేన్ 2021 జనవరిలో ప్రతి వైఫల్యానికీ ఒకే రకమైన ముందుమాట వచ్చేలా మార్చారు. వెర్షన్ 14తో అది అందరికీ అందింది. లోకల్‌హోస్ట్ అన్న పేరుకు ::1, 127.0.0.1 రెండూ ఉంటే, రెండుచోట్లా ఏం జరిగిందో వేర్వేరుగా చెబుతుంది.

లోపాలు లేవని కాదు. కనెక్షన్ కుదరకపోతే లిబ్‌పీక్యూ సందేశాన్ని ఇస్తుంది కానీ ఐదక్షరాల ఎర్రర్ కోడ్‌ను అందుబాటులో ఉంచదు. దాంతో సైకోపీజీ2లో ఆ గడి ఖాళీగా మిగులుతుంది. పాస్‌వర్డ్ తప్పా, కనెక్షన్ల కోటా నిండిందా అన్నది ప్రోగ్రాము తెలుసుకోవాలంటే వాక్యంలో మాటలు వెతకాల్సి వస్తుంది. మనుషుల కోసం ఇంత శ్రద్ధగా రాసిన సందేశం యంత్రానికి కొరుకుడు పడదు. కనెక్ట్ టైమవుట్‌కు డిఫాల్టుగా హద్దు లేకపోవడం ఇంకో ఇబ్బంది. ఆ విలువను కోడ్‌లో మనమే ఇచ్చుకోవాలి. పలు హోస్టులు ఇస్తే అది ఒక్కో హోస్టుకూ విడిగా వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

అయితే ఈ శ్రమనంతటినీ వృథా చేసేది చాలాసార్లు మన కోడే. ఎక్సెప్షన్‌ను పట్టుకుని, దాన్ని పక్కన పారేసి, “డేటాబేస్ ఎర్రర్, మళ్లీ ప్రయత్నించండి” అని రాస్తాం. చిరునామా పోతుంది, పోర్టు పోతుంది, సిస్టమ్ ఇచ్చిన జవాబు పోతుంది. వాడుకరికి ఆ పొట్టి వాక్యం చాలు, నిజానికి అంతకుమించి చూపించకూడదు కూడా. కానీ లాగ్‌లో అసలు సందేశం మొత్తం ఉండాలి. పాస్‌వర్డ్ దగ్గర పోస్ట్‌గ్రెస్ పాటించిన నియమమే ఇది, మన ప్రోగ్రాముకూ అంతే వర్తిస్తుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి నిద్ర లేచినవాడికి కావాల్సింది ప్రోగ్రాము ఏ చిరునామాకు వెళ్లింది, ఎంతదూరం వెళ్లింది, అక్కడ ఏ జవాబు వచ్చింది అన్న మూడు సంగతులు. ఈ మూడూ ఉంటే కారణం అతనే పట్టుకుంటాడు.